కలం పట్టని చేతికి పరీక్షలో సాయం: శాతాల లెక్క ఎలా సడలింది?

దివ్యాంగులకు సమాన అవకాశాల కోసం 1995లో వచ్చిన చట్టం, పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్‌ను సమకూర్చాలని విద్యాసంస్థలను ఆదేశించింది గానీ, ఆ సాయాన్ని అంధులకూ చూపు మందగించిన వారికీ పరిమితం చేసింది. చూపు బాగానే ఉండి చేయి సహకరించని విద్యార్థి ఊసు ఆ 31వ సెక్షన్‌లో లేదు. రాయడమంటే కళ్లకు సంబంధించిన పని అన్నట్టుగానే చట్టం ఆలోచించింది.

ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. 2013 ఫిబ్రవరిలో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలు స్క్రైబ్ సౌకర్యాన్ని ఇతర దివ్యాంగులకూ విస్తరించి, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలన్నాయి. అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. జవాబులను కంప్యూటర్‌పై ఇవ్వడానికీ, నోటితో చెప్పి రికార్డు చేయడానికీ కూడా వీలు కల్పించాలన్నాయి. అయితే వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. దాన్ని అనుసరించి 2018 ఆగస్టులో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం అంధులకు, రెండు చేతులూ దెబ్బతిన్నవారికి, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్నవారికి అడిగితే చాలు, స్క్రైబ్‌ను ఇవ్వాలి. తక్కినవారు డాక్టరు ధ్రువపత్రం తేవాలి. సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. కాపీని ఆపడానికి అది అవసరమే కావచ్చు గానీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థి బెంజీన్ వలయంలో ఏ మూలకు ఏ బంధం గీయాలో ఒక్కొక్కటిగా చెప్పి గీయించుకోవలసి వస్తే ఆ అదనపు గంట ఏ మూలకు సరిపోతుంది?

అసలు చిక్కు శాతంతోనే వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌పై ఉండే ఆ అంకె చుట్టూ ఎన్ని తిరుగుళ్లు తిరగాలో చాలా కుటుంబాలకు తెలుసు. రైటర్స్ క్రాంప్ ఉన్నవారి చేయి గ్లాసు పట్టుకోగలదు, తలుపు తీయగలదు. పెన్ను పట్టుకుని నాలుగు వాక్యాలు రాసేసరికి వేళ్లు కొంకర్లు పోతాయి. అవయవం బలాన్నీ కదలికనూ కొలిచే లెక్కలో ఇలాంటి ఇబ్బంది సరిగా కనిపించదు. అలాంటి ఒక సివిల్స్ అభ్యర్థికి యూపీఎస్సీ స్క్రైబ్‌ను నిరాకరించింది; వైద్య బోర్డు ఆయనకు నిర్ధారించిన వైకల్యం 6 శాతమే. ఆ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, స్క్రైబ్ కోసం 40 శాతం షరతు పెట్టడం చెల్లదని తేల్చి, కొత్త మార్గదర్శకాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. అవి 2022 ఆగస్టులో వచ్చాయి: 40 శాతం లోపు వైకల్యం ఉన్నా, రాయడం కష్టమని ప్రభుత్వ వైద్యులు ధ్రువీకరిస్తే స్క్రైబ్‌తో పాటు అదనపు సమయమూ దక్కుతుంది. చేతి డిస్టోనియా (కండరాలు అదుపు లేకుండా బిగుసుకుపోయే సమస్య) ఉన్న ఒక బ్యాంకు పరీక్షల అభ్యర్థి కేసులో 2025 ఫిబ్రవరిలో అదే కోర్టు, పరీక్షల విషయంలో 40 శాతం దాటినవారికి ఇచ్చే సౌకర్యాలన్నీ దివ్యాంగులందరికీ వర్తించాలంది.

ఈ ఉత్తర్వులన్నీ పరీక్ష హాలు కోసం రాసినవే. విశ్వవిద్యాలయంలో చదువు సాగేది మాత్రం ఎక్కువగా క్లాసు నోట్సు, ప్రాక్టికల్ రికార్డు, ల్యాబ్‌లో బ్యూరెట్ కొళాయిని చుక్కచుక్కగా తిప్పే పని మధ్య. అక్కడ గంటకు 20 నిమిషాల వంటి కొలత ఏదీ లేదు; వ్యక్తి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలని 2016 చట్టంలోని 16వ సెక్షన్ అంటుంది. ఆ సర్దుబాటు ఏమిటన్నది ఆచరణలో ఆయా సంస్థల నిర్ణయానికే మిగిలింది.