చర్చిల్ తీరంలో మంచు కోసం ఎదురుచూపు

ధ్రువపు ఎలుగుబంటిని చూడాలన్న ఆశతో వేల కిలోమీటర్లు ప్రయాణించి, అక్టోబరు నెలాఖరున కెనడాలోని చర్చిల్ పట్టణం చేరుకున్నవారికి చాలాసార్లు మొదట కనిపించేది ముందుకాళ్ళ మీద మూతి ఆనించి నిద్రపోతున్న ఎలుగుబంటి. వాహనం ఎంతసేపు ఆగినా అది లేవకపోవచ్చు. ఒక్కసారి తల ఎత్తి, గాలిని వాసన చూసి, మళ్ళీ పడుకుంటుంది. చూసేవారికి బద్ధకంలా తోచే ఆ పడక నిజానికి ఒంట్లోని కొవ్వును పొదుపుగా వాడుకునే పద్ధతి. జూలై నుంచి ఆ జంతువు చెప్పుకోదగినంత తిండి తినలేదు, సముద్రం గడ్డకట్టేదాకా తినబోదు కూడా. సందర్శకులు ఎగబడి వచ్చే వారాలే ఎలుగుబంటి ఆకలి ముదిరే వారాలు కావడం యాదృచ్ఛికం కాదు. చర్చిల్‌లో ఏ జంతువు ఎప్పుడు కంటపడాలో నిర్ణయించేది చాలావరకు ఊరిని ఆనుకొని ఉన్న హడ్సన్ అఖాతం మీది మంచే.

మానిటోబా ప్రావిన్స్ ఉత్తరాన, చర్చిల్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ ఊరి జనాభా 2021 లెక్కల ప్రకారం 900 లోపే. బయటి ప్రపంచం నుంచి ఇక్కడికి రోడ్డు లేదు. విన్నిపెగ్ నుంచి విమానంలో రావాలి, లేదంటే సుమారు 1,700 కిలోమీటర్ల రైలు మార్గంలో దాదాపు రెండు రోజులు కూర్చోవాలి. 1929లో పట్టాలు ఇక్కడిదాకా వేసింది యాత్రికుల కోసం కాదు, మైదానాల్లో పండే గోధుమలను ఓడలకెక్కించడానికి. 2017 వసంతంలో వచ్చిన వరదలకు ఆ మార్గం పలుచోట్ల దెబ్బతిని, దాదాపు ఏడాదిన్నర పాటు ఊరికి రైలే లేకుండా పోయింది.

ఎలుగుబంట్లు ప్రత్యేకించి ఈ తీరానికే ఎందుకు చేరతాయన్నది ఆసక్తికరమైన ప్రశ్న. హడ్సన్ అఖాతం మీది మంచు ఏటా వేసవిలో పూర్తిగా కరిగిపోతుంది. చివరిదాకా మిగిలే మంచు పలకలు గాలికి, ప్రవాహానికి కొట్టుకొని నైరుతి తీరం వైపు చేరతాయి కాబట్టి, వాటి మీద సీల్‌లను వేటాడుతున్న ఎలుగుబంట్లు గత్యంతరం లేక ఆ తీరంలోనే ఒడ్డెక్కుతాయి. తిరిగి చలి మొదలయ్యాక మంచు ముందుగా పేరుకునే చోట్లలో చర్చిల్ పరిసరాలు కూడా ఒకటి. మామూలు సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. ఉప్పు తగ్గేకొద్దీ అంత చలి అవసరం ఉండదు. నది తెచ్చే మంచినీరు తేలిక కనుక ఉప్పునీటి పైన పొరగా పరచుకొని త్వరగా గడ్డకడుతుంది. వాయవ్యం నుంచి వీచే గాలులూ, అఖాతంలో గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగే ప్రవాహమూ ఉత్తరాన పుట్టిన మంచును కూడా ఇటే నెట్టుకొస్తాయి. వేసవిలో దక్షిణాన ఒడ్డెక్కిన ఎలుగుబంట్లు తీరం వెంబడి ఉత్తరానికి నడిచి రావడం వెనుక ఉన్న లెక్క ఇదే.

మంచు లేకపోతే ఆహారం లేనట్టే. ఎలుగుబంటికి ప్రధాన ఆహారమైన వలయపు సీల్ మంచులో తానే తొలుచుకున్న రంధ్రాల దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి పైకి వస్తుంది. ఆ రంధ్రం పక్కన గంటల తరబడి కదలకుండా కాపు కాయడమే ఎలుగుబంటికి తెలిసిన వేట. తెరచి ఉన్న నీటిలో సీల్ దానికి దొరకదు. ఒడ్డున అది పక్షుల గుడ్లు, బెర్రీ పండ్లు, సముద్రపు నాచు తింటుంది గానీ, వందల కిలోల ఒంటికి అవి ఏ మూలకూ చాలవు. రోజుకు సుమారు ఒక కిలో బరువు తగ్గుతూ అది శరత్కాలం దాకా నెట్టుకొస్తుంది.

ఆకలిగొన్న జంతువు తిరిగే దారిలో ఊరు ఉన్నప్పుడు కొన్ని అలవాట్లు వాటంతటవే పుడతాయి. వీధిలో ఎవరైనా ఎలుగుబంటికి ఎదురుపడితే దూరి ప్రాణం కాపాడుకోవడానికి వీలుగా, ఇళ్ళకూ కార్లకూ తాళం వేయకపోవడం ఇక్కడి మర్యాద. ఊళ్ళోకి వచ్చిన ఎలుగుబంటిని ఒకప్పుడు తరచుగా కాల్చి చంపేవారు. 1980ల తొలినాళ్ళ నుంచి ప్రావిన్స్ ప్రభుత్వపు గస్తీ బృందాలు వాటిని శబ్దాలతో బెదిరించి తరుముతున్నాయి, లొంగనివాటిని బోనులతో పట్టి ఒక పాత సైనిక గిడ్డంగిలో ఉంచుతున్నాయి. జనం దానిని ఎలుగుబంట్ల జైలు అంటారు. అక్కడ వాటికి నీళ్ళు ఇస్తారు, తిండి పెట్టరు. వినడానికి కఠినంగా ఉన్నా ఇందులో తర్కం ఉంది: బయట ఉన్నా ఆ రోజుల్లో అవి పస్తే ఉంటాయి, పైగా మనిషి దగ్గర తిండి దొరుకుతుందని ఒకసారి రుచి మరిగిన ఎలుగుబంటి మళ్ళీ అక్కడికే వస్తుంది. కొన్నాళ్ళ తర్వాత వాటిని హెలికాప్టర్‌కు వేలాడదీసిన వలలో ఊరికి దూరంగా తీసుకెళ్ళి వదిలేస్తారు, లేదా మంచు పేరుకున్నాక విడిచిపెడతారు.

సందర్శకులు ఎక్కే వాహనాలు ఈ ఊళ్ళోనే 1980 ప్రాంతంలో రూపుదిద్దుకున్నాయి. దాదాపు మనిషి ఎత్తుండే, తక్కువ గాలి నింపిన వెడల్పాటి టైర్లు వాటి బరువును విస్తారంగా పరుస్తాయి. అయినా చెట్లు పెరగని శీతల టండ్రా నేల మీద పడిన చక్రాల జాడ ఏళ్ళ తరబడి చెరగదు కనుక, ఒకప్పటి సైనిక దారుల మీదే అవి తిరుగుతాయి. వాహనాలు దగ్గరకు వచ్చినప్పుడు పడుకొని ఉన్న మగ ఎలుగుబంట్లు మరింత తరచుగా తల ఎత్తి చూస్తాయని 2004లో వెలువడిన ఒక పరిశీలన తెలిపింది; ఆడవాటిలో అందుకు విరుద్ధమైన ధోరణి కనిపించింది. తల ఎత్తడానికి ఖర్చయ్యే శక్తి స్వల్పమే. కానీ అప్పు చేసి బతుకుతున్నవాడికి చిల్లర ఖర్చు కూడా ఖర్చే కనుక, ఫోటో కోసం ఇంకాస్త దగ్గరికి పోనివ్వమని అడగకపోవడమే మేలని నాకనిపిస్తుంది.

ఆ అప్పు ఏటేటా పెరుగుతోంది. 1980లతో పోలిస్తే అఖాతంలో మంచు లేని కాలం ఇప్పుడు సుమారు మూడు వారాలు ఎక్కువ. పశ్చిమ హడ్సన్ అఖాతపు ఎలుగుబంట్ల సంఖ్య 1980ల చివర 1,200 దరిదాపుల్లో ఉండగా, విమానాల నుంచి చేసిన గణనల్లో 2016లో 842గా, 2021లో 618గా అంచనా వేశారు. కొన్ని పొరుగు ప్రాంతాలకు తరలిపోయి ఉండవచ్చు గానీ మొత్తం మీద తగ్గుదల స్పష్టం. మంచు ఆలస్యమైన ఏడాది ఎలుగుబంట్లు ఒడ్డున మరిన్ని రోజులు కనిపిస్తాయి. వాటిని చూడటానికి విమానాల్లో వచ్చేవారి ఇంధనపు పొగకు మంచు ఆలస్యంలో ఎంతో కొంత వాటా ఉంది. ఈ ఇబ్బందికి తేలికైన జవాబు నా దగ్గర లేదు.

వేసవిలో ఇదే తీరం పూర్తిగా వేరే కథ చెబుతుంది. జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా చర్చిల్ నదీముఖంలోకి వేల సంఖ్యలో బెలూగా తిమింగలాలు వస్తాయి. చలికాలం హడ్సన్ జలసంధి వైపు గడిపి, మంచు విడిపోగానే అవి ఇక్కడికి చేరతాయి. నదీముఖపు నీరు బయటి సముద్రం కంటే వెచ్చన. ఆ వెచ్చదనంలో పాత చర్మం త్వరగా ఊడుతుంది, అడుగున ఉన్న గులకరాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటూ అవి దానిని వదిలించుకుంటాయి. లోతు తక్కువైన నీరు బూడిద రంగు పిల్లలకు కిల్లర్ వేల్స్ నుంచి కొంత రక్షణ కూడా. వీపున రెక్క లేకపోవడం మంచు అడుగున ఈదడానికి అనువైన అమరిక, మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కోకపోవడం వల్ల తల పక్కకు తిప్పి చూడగలగడం తిమింగలాల్లో అరుదైన సౌలభ్యం. కయాక్‌లో కూర్చున్నవారి పక్కకు వచ్చి తల తిప్పి చూసే బెలూగా దగ్గర ఎవరు ఎవరిని చూస్తున్నారో తేల్చడం కష్టం. నీటిలోకి మైక్రోఫోన్ దించితే ఈలలు, కిచకిచలు, తలుపు కీచుమన్నట్టు శబ్దాలు ఎడతెగకుండా వినిపిస్తాయి. వెనుకటి నావికులు వీటిని సముద్రపు కేనరీ పిట్టలని పిలిచింది అందుకే.

అడవి ఆగిపోయి టండ్రా మొదలయ్యే గీత మీద ఊరు ఉండటం వల్ల పక్షులు చూసేవారికి కూడా జూన్ నెల ఇష్టమైన కాలం. ఆ గీతను గుర్తుపట్టడానికి చెట్లను చూసినా సరిపోతుంది: గాలి మోసుకొచ్చే మంచు పలుకులు వాయవ్యం వైపు చిగుళ్ళను చెక్కేయగా, స్ప్రూస్ చెట్లకు రెండో వైపే కొమ్మలుంటాయి. కాళ్ళ కింది నేల కూడా స్థిరం కాదు. వేల ఏళ్ళ కిందట కరిగిపోయిన హిమఫలకపు భారం తొలగిన ఈ భూమి ఇప్పటికీ ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పైకి లేస్తోంది. 18వ శతాబ్దంలో పడవలను కట్టిన ఇనుప కడియాలు చర్చిల్ దగ్గరి స్లూప్ కోవ్ అనే చోట నేడు నీటికి అందని రాళ్ళలో మిగిలిపోయాయి.

నవంబరులో మంచు ఎలుగుబంటి బరువును మోసేంత గట్టిపడగానే, కొద్ది రోజుల్లోనే తీరం ఖాళీ అవుతుంది. గర్భిణులు మాత్రం వెళ్ళవు. చర్చిల్ దగ్గరి వాపుస్క్ జాతీయవనంలో, కుళ్ళిన మొక్కలు పేరుకొని ఏర్పడిన పీట్ నేల గట్లలో తవ్విన గుహల్లో అవి చలికాలం ఉండిపోయి, చేతిలో ఇమిడేంత చిన్న పిల్లలను ఈని వాటికి పాలు ఇస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, చర్చిల్‌కు వచ్చిన యాత్రికులు ఆకుపచ్చని అరోరా అనే ధ్రువకాంతి కోసం ఆకాశం వైపు చూస్తున్న రాత్రుల్లోనే, సుమారు ఎనిమిది నెలల పస్తు తర్వాత తల్లి ఎలుగుబంటి పిల్లలను వెంటబెట్టుకొని, అవి అలసినప్పుడల్లా ఆగుతూ, పదుల కిలోమీటర్ల దూరంలోని మంచు వైపు నడక మొదలుపెడుతుంది.