సొంత కాటేజీకి చెక్క ట్రస్సులు: అపోహలు – వాస్తవాలు

శంకరపల్లి, చేవెళ్ల, వికారాబాద్ దారుల్లో కాస్త స్థలం కొనుక్కుని చిన్న పెంకుటిల్లు వేసుకోవాలనుకునే హైదరాబాద్ వాళ్లు ఈ మధ్య చాలామంది కనిపిస్తున్నారు. వాళ్లలో కొందరికి పైకప్పు ట్రస్సులు, అంటే కప్పును మోసే త్రికోణపు చెక్క చట్రాలు కూడా తమ చేతులతోనే చేసుకోవాలని కోరిక. మంచి కోరిక. రంపం, ఉలి, డ్రిల్లు వాడటం వచ్చినవారికి 16 అడుగుల వెడల్పు గదికి ట్రస్సు చేయడం అందని పనేమీ కాదు. అయితే వాళ్లు నా దగ్గరికి తెచ్చే కాగితం మీద ఎన్ని ఘనపుటడుగుల కలప కావాలో రాసి ఉంటుంది కానీ, ఏ అతుకు మీద ఎంత బరువు పడుతుందో ఉండదు. ఈ వృత్తిలో నేను చూసిన దెబ్బతిన్న కప్పుల్లో దూలం విరిగినవి అరుదు. అతుకు విడిపోయినవే ఎక్కువ.

అపోహ: దూలం లావుగా ఉంటే కప్పుకు ఢోకా ఉండదు.

వాస్తవం: ఒక లెక్క చూద్దాం. గది వెడల్పు 16 అడుగులు, గోడ మట్టం నుంచి కొప్పు ఎత్తు 4 అడుగులు, ట్రస్సుకూ ట్రస్సుకూ మధ్య దూరం 4 అడుగులు అనుకోండి. మంగళూరు పెంకు, దాని కింది రీపర్లు (పెంకులు కూర్చునే సన్నని చెక్క పట్టీలు) కలిపి చదరపు మీటరుకు 65 కిలోలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. పెంకులు సర్దడానికి ఎక్కే మనుషుల బరువు, కలప సొంత బరువు కూడా కలిపితే ఒక్కో ట్రస్సు మీద సుమారు 700 కిలోలు పడుతుంది. మధ్యలో నిలువు కర్ర, రెండు వైపులా ఏటవాలు ఊతకర్రలు ఉన్న ట్రస్సులో, గోడ నుంచి గోడకు వేసే అడ్డదూలం మీద గోడ దగ్గర పడే లాగుడు 500 కిలోల పైచిలుకు. 2×4 అంగుళాల మంచి టేకు ముక్క దీనికి ఐదారు రెట్ల లాగుడును తేలిగ్గా తట్టుకుంటుంది. అంటే అడ్డదూలాన్ని 3×6 చేసినా, 4×8 చేసినా ఈ లాగుడు విషయంలో మీకు ఒరిగేదేమీ లేదు. పైగా గోడల మీద బరువు పెరుగుతుంది.

అసలు పరీక్ష ఏటవాలు దూలం వచ్చి అడ్డదూలాన్ని కలిసే మూలలో. ఆ 500 కిలోలు ఒక దూలం నుంచి మరో దూలానికి చేరే చోటు అదే. అక్కడ నాలుగు మేకులు అడ్డంగా కొట్టి ఊరుకుంటే మొదటి వానాకాలం గడవొచ్చు, మూడోది గడవకపోవచ్చు. బోల్టు వేసినా, దాన్ని కలప చివరకు మరీ దగ్గరగా వేస్తే నార వెంబడి చెక్క చీలిపోయి బోల్టు బయటికి వచ్చేస్తుంది. బోల్టు మందానికి కనీసం 7 రెట్ల దూరం చివర వదలాలి. 12 మిల్లీమీటర్ల బోల్టుకైతే మూడున్నర అంగుళాలు. ప్రతి బోల్టుకూ రెండు వైపులా పెద్ద వాషర్లు ఉండాలి. లేకపోతే బిగించేకొద్దీ నట్టు చెక్కలోకి దిగిపోతుంది.

మరో పద్ధతి ప్లైవుడ్ పలకలు. ఐఎస్ 710 గుర్తున్న 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌ను అతుకుకు రెండు వైపులా జిగురు పెట్టి, మేకులతో బిగిస్తారు. సొంతంగా చేసుకునేవారికి నేను మొదట చెప్పేది ఇదే. కుసి (దూలం చివర చెక్కే మొన), అది దిగే బెజ్జం కోయడంలో చేయి తిరగనివారు కూడా దీన్ని శుభ్రంగా చేయగలరు. పలక ఒక్క వైపే వేస్తే మాత్రం ట్రస్సు మెలితిరుగుతుంది. టేకులో, ఎండిన గట్టి కలపలో నేరుగా మేకు కొడితే చీలుతుంది కాబట్టి, మేకు మందంలో ఐదింట నాలుగు వంతుల సైజు రంధ్రం ముందే వేసుకోవాలి.

అపోహ: మధ్యలోని నిలువు కర్ర కొప్పును మోస్తుంది.

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇది. ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఊహించవచ్చు. మన గుడిసెల్లో నిట్రాడ నేలలో పాతి ఉంటుంది, కొప్పు బరువు దాని మీదే. ట్రస్సులోని ఈ నిలువు కర్ర (కింగ్ పోస్ట్) చూడటానికి నిట్రాడలాగే కనిపిస్తుంది. పని మాత్రం పూర్తిగా తలకిందులు. అది కొప్పు నుంచి వేలాడుతూ ఊతకర్రల పాదాలను, అడ్డదూలం నడుమును పైకి పట్టి ఉంచుతుంది. మన లెక్కలోని ట్రస్సులో దాన్ని కిందికి లాగే బలం దాదాపు 175 కిలోలు.

నిట్రాడ అనుకున్న మేస్త్రి ఏం చేస్తాడు? అడ్డదూలం మీద చిన్న బెజ్జం చెక్కి, కర్ర కుసిని అందులో నిలబెట్టి, బరువు పైనుంచి నొక్కుతుంది కదా అని వదిలేస్తాడు. కప్పు మీద పెంకులు పడగానే నిలువు కర్ర, అడ్డదూలం ఒకదానికొకటి దూరం జరుగుతాయి. ఆ సందులో గోరు పట్టినా అతుకు తన పని మానేసినట్టే. అక్కడ ఉండాల్సింది ఇనుప పట్టీ. అడ్డదూలం కిందుగా చుట్టి, నిలువు కర్రకు రెండు వైపులా బోల్టులతో బిగించిన పట్టీ. పాత బంగళాల కప్పుల్లో ఆ పట్టీలు ఇప్పటికీ కనిపిస్తాయి. చాలామంది వాటిని అలంకారం అనుకుంటారు.

నిలువు కర్ర పైభాగం కూడా అంతే ముఖ్యం. అక్కడ ఏటవాలు దూలాలు రెండూ దాని తలను చెరో వైపు నుంచి నొక్కి పట్టేలా భుజాలు చెక్కాలి.

అపోహ: అడ్డదూలం తలకు అడ్డం. పైకి జరిపితే గది ఎత్తుగా, విశాలంగా ఉంటుంది.

వాస్తవం: ఊతకర్రలు లేకుండా రెండు ఏటవాలు దూలాలు, ఒక అడ్డదూలం మాత్రమే ఉన్న సాదా జతలో, అదే బరువుకు, అడ్డదూలం గోడ మట్టాన ఉంటే దాని మీద లాగుడు సుమారు 350 కిలోలు. కొప్పు ఎత్తులో సగానికి జరిపితే 700. పైగా దాని కిందుగా మిగిలిన ఏటవాలు దూలం ముక్కలు వంగుతాయి, గోడలను బయటికి నెడతాయి. ఎత్తు కావాలంటే గోడను రెండు వరసలు పెంచండి, అది చౌక. కొప్పు ఎత్తు తగ్గించినా ఇదే కథ. 4 అడుగులను 2 అడుగులు చేస్తే లాగుడు రెట్టింపవుతుంది, ఆ వాలులో మంగళూరు పెంకుల సందుల్లోంచి వాననీరు కూడా లోపలికి వస్తుంది.

అపోహ: కప్పుకు బరువే శత్రువు, రేకులు వేస్తే సమస్య లేదు.

వాస్తవం: తేలికైన కప్పుకు గాలి శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట హఠాత్తుగా వచ్చే గాలివాన మన దగ్గర అందరికీ తెలిసిందే. ప్రమాణాల ప్రకారం హైదరాబాద్‌కు లెక్కలో తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. విశాఖపట్నానికి 50. 44 మీటర్ల వేగానికి వచ్చే ప్రాథమిక ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 118 కిలోలు. కప్పు వాలు, చుట్టూ ఉన్న చెట్లు, ఇళ్లను బట్టి ఇది మారుతుంది. ఇనుప రేకు బరువు అదే చదరపు మీటరుకు 5 కిలోలు కూడా ఉండకపోవచ్చు. ముందు తెరిచి ఉన్న వరండా ఉంటే గాలి కింద నుంచి నెడుతుంది, పైనుంచి పీలుస్తుంది. కాబట్టి గోడ పైన కాంక్రీటు బెల్టు పోసేటప్పుడే ప్రతి ట్రస్సు కిందా బోల్టులు పాతి ఉంచాలి. తరువాత డ్రిల్లు వేసి దిగగొట్టుకుందామనుకోవద్దు.

అపోహ: టేకు అయితే చెదపురుగు ముట్టదు.

వాస్తవం: ముట్టనిది చేవను, అంటే లోపలి ముదురు చెక్కను. బయటి తెల్లచెక్కను టేకులోనైనా తింటుంది. పొలం గట్టున పెంచిన పదేళ్ల టేకు చెట్టులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. దాన్ని కొట్టి వెంటనే ట్రస్సు చేద్దామనుకునేవారు ఉన్నారు. ముందు వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. తరువాత కోసి, నీడలో గాలి ఆడేలా పేర్చి, తేమ 12–15 శాతానికి దిగేదాకా ఆగాలి. పచ్చి కలపతో చేస్తే నారకు అడ్డంగా అది కుంచించుకుపోయి ప్రతి అతుకూ వదులవుతుంది. వాడిన ఇంజన్ ఆయిల్ పూయడం పైపై పూతే, లోపలికి దిగదు. గోడలో దూలం కూర్చునే గూటిలో సిమెంటు నింపి మూసేయకండి. తేమ పట్టి ముందుగా కుళ్లేది ఆ కొసే. చుట్టూ గాలి ఆడాలి.

బిగువులో గుగ్గిలం (సాల్) కలప టేకు కంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. పురానాపూల్ వైపు డిపోల్లో కూల్చిన ఇళ్ల పాత దూలాలు దొరికితే అవి కూడా మంచివే. బాగా ఆరి ఉంటాయి. మేకులు, పాత బెజ్జాలు, ముడులు ఎక్కడున్నాయో చూసి, అవి అతుకుల దగ్గరికి రాకుండా కోసుకోవాలి. తాటి దూలాల సంగతి వేరు. ముదురు తాటిలో బయటి చేవ ఎంతో గట్టిది, లోపలంతా మెత్తన. వాసాలుగా పెట్టుకోండి. ట్రస్సు అతుకుల్లో బోల్టుకు పట్టు దొరకదు.

అపోహ: చెక్క కప్పు కంటే ఇనుప కప్పే నిప్పుకు నయం.

వాస్తవం: లావు దూలం నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్ల లోతున బొగ్గవుతూ లోపలి చెక్కను కాపాడుకుంటుంది. ఇనుము కాలదు కానీ 550 డిగ్రీల దగ్గర దాదాపు సగం బలం కోల్పోతుంది.

అపోహ: ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాను అలాగే దింపుకోవచ్చు.

వాస్తవం: అవి చాలావరకు మంచు కురిసే దేశాలవి. వాటి కలప పైన్, కప్పు తేలికైన పలకలు, ట్రస్సుల మధ్య దూరం 2 అడుగులు, అతుకులకు ఫ్యాక్టరీ ప్రెస్సులో నొక్కిన, పళ్లున్న ఇనుప పట్టీలు. ఆ పట్టీలను సుత్తితో కొడితే సరిగ్గా పట్టవు. ఆకారం తీసుకోండి, కొలతలు మాత్రం మీ పెంకుకూ మీ కలపకూ లెక్క కట్టించుకోండి. 20 అడుగులు దాటిన గదికి స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం లేకుండా పని మొదలుపెట్టవద్దు.

అపోహ: ట్రస్సులు ఎత్తి నిలబెడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: అత్యంత ప్రమాదకరమైన గంట అదే. ట్రస్సు పైనుంచి పడే బరువుకు ఎంత బలమైనదో, పక్కకు అంత బలహీనం. మొదటిదాన్ని గోడకు రెండు వైపులా ఏటవాలు కర్రలతో కట్టేయాలి. రెండోది నిలబెట్టగానే దాన్ని మొదటిదానికి బిగించాలి. అన్నీ నిలిచాక, రీపర్లు కొట్టకముందే, కప్పు వాలులో మూల నుంచి మూలకు ఏటవాలు పట్టీలు వేయాలి. ఇవి లేకుండా పెంకులు ఎక్కిస్తే ఒక ట్రస్సు పక్కకు ఒరిగినా మిగతావన్నీ దాని వెంటే పోతాయి. తాళ్లు, మనుషులు సరిపడా లేని రోజున ఎత్తే పని పెట్టుకోవద్దు.

ఇల్లు అయ్యాక మొదటి ఎండాకాలం గడిచి, జూన్ వానలు పడకముందు నిచ్చెన వేసుకుని ఎక్కి ప్రతి నట్టునూ మళ్లీ బిగించండి. ఆ ఎండలకు కలప ఎంతోకొంత కుంచించుకుపోయి ఉంటుంది. బోల్టులను సీలింగుతో మూసేస్తే ఈ పని చేయలేరు కాబట్టి, అతుకుల దగ్గర చిన్న తలుపులు వదలమని సీలింగు మేస్త్రికి ముందే చెప్పండి.