నెలసరి, నిద్ర, నీరసం: అపోహలు - వాస్తవాలు

కోనసీమ ఊళ్ళ నుంచి మా ఓ.పి.కి వచ్చే ఆడవాళ్ళు ఏ బాధతో వచ్చినా, లేచి వెళ్ళబోతూ ఒక మాట చేరుస్తారు. "ఒకటే నీరసమండీ, రాత్రిళ్ళు నిద్ర కూడా పట్టట్లేదు." ఎప్పటి నుంచమ్మా అని అడిగితే, "ముట్టు వల్లేలెండి" అని కారణం కూడా వాళ్ళే చెప్పేస్తారు. గైనకాలజిస్టుగా నన్ను బాగా బాధపెట్టే మాట ఇదే. నెలసరిని బట్టి నిద్ర, ఓపిక మారతాయన్నది నిజం. కానీ ఆ మార్పు వచ్చే రోజులు వేరు, తగ్గిపోయే రోజులు వేరు. నెల పొడుగునా వదలని నీరసానికి కారణం వేరే ఉంటుంది, దాన్ని వెతకాలి.

అపోహ: నెలసరి ముందు నిద్ర పట్టకపోవడం, చిరాకు అన్నీ మనసు కల్పించుకునేవే.

వాస్తవం: కాదు, ఇది ఒంట్లో జరిగే మార్పు. అండం విడుదలయ్యాక తర్వాతి నెలసరి వచ్చేదాకా సుమారు రెండు వారాలు ఉంటుంది. ఆ రోజుల్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరిగి, ఒంటి వేడిని 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెంచుతుంది. చెయ్యి పెట్టి చూస్తే తెలియనంత తక్కువే. అయితే రాత్రి నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త దిగాలి. మే, జూన్ నెలల్లో మన డెల్టా ఉక్క సంగతి తెలిసిందే కదా. గాలిలో తేమకి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అలాంటి రాత్రి కరెంటు కూడా పోతే ఇంట్లో అందరికంటే ముందు లేచి కూర్చునేది నెలసరి దగ్గరపడిన ఆడమనిషే కావచ్చు. ఆమెని "ఊరికే సతాయిస్తోంది" అనకండి.

ఇంకోటి ఉంది. ప్రొజెస్టిరాన్ నుంచి తయారయ్యే ఒక పదార్థం మెదడుని నెమ్మదిపరచి మత్తుగా ఉంచుతుంది. నెలసరికి ముందు నాలుగైదు రోజుల్లో ఆ హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. కొంతమందికి మధ్యరాత్రి మెలకువలు, ఏడుపు రావడం, ఏ పనీ తోచకపోవడం ఆ రోజుల్లోనే మొదలవుతాయి. పడుకునే ముందు మామూలు నీళ్ళతో స్నానం, పల్చటి నూలు బట్టలు, సాయంత్రం నాలుగు దాటాక టీ మానెయ్యడం, ఇవి చాలామందికి పనిచేస్తాయి. రెండు నెలలపాటు క్యాలెండర్ మీద నిద్ర లేని రోజులకి గీత పెట్టుకోండి. నెలసరి మొదలైన రెండు మూడు రోజుల్లో అన్నీ సర్దుకుంటే అది హార్మోన్ల ప్రభావమే. ప్రతినెలా చచ్చిపోవాలనిపించేంత దిగులు వస్తుంటే మాత్రం ఓర్చుకోవద్దు. దానికి మంచి మందులున్నాయి, వెంటనే వచ్చి చెప్పండి.

అపోహ: నొప్పి మాత్రలు వేసుకుంటే పిల్లలు పుట్టరు. ఓర్చుకోవాలి.

వాస్తవం: గర్భసంచి పొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్‌ల వల్ల గర్భసంచి బిగుసుకుని కడుపునొప్పి వస్తుంది. మెఫినామిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వాటినే తగ్గిస్తాయి. పిల్లలు పుట్టడానికీ, నెలకి రెండు రోజులు వేసుకునే ఈ మాత్రలకీ సంబంధం లేదు. నొప్పి మొదలవ్వగానే, ఏదైనా తిన్నాక వేసుకోవాలి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భం వచ్చిందేమో అని అనుమానం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు.

రాత్రి నిద్ర చెడగొట్టేది నొప్పి ఒక్కటే కాదు. పక్కబట్టకి మరకవుతుందని కదలకుండా పడుకునే ఆడపిల్లలు ఉన్నారు. కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ ఆ మూడు రోజులూ వరండాలో చాప మీద, దోమల మధ్య పడుకోబెడతారు. ముందు ఆ పిల్లకి మంచం, దోమతెర, రాత్రికి సరిపడే పెద్ద ప్యాడ్ ఇవ్వండి.

అపోహ: పోయేది చెడు రక్తం. ఎంత పోతే ఒంటికి అంత మంచిది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకం. చెడు రక్తం అంటూ వేరే ఏమీ లేదు. మామూలుగా ఒక నెలసరికి పోయే రక్తం 30-40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ కింద లెక్క. కొలవడం ఎవరికీ కుదరదు కాబట్టి ఇలా చూసుకోండి. గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం, రూపాయి బిళ్ళ కంటే పెద్ద గడ్డలు పడటం, ప్యాడ్ మార్చుకోవడానికే రాత్రిపూట లేవడం, ఎనిమిది రోజులు దాటినా ఆగకపోవడం. వీటిలో ఏది ఉన్నా ఎక్కువే.

ఒక మిల్లీలీటరు రక్తంతో సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ పోతుంది. 80 మిల్లీలీటర్లకి 40 మిల్లీగ్రాములు. మనం తినే తిండి నుంచి రోజుకి ఒంటికి పట్టే ఐరన్ ఒకటీ రెండు మిల్లీగ్రాములే. నెలనెలా ఇలా ఎక్కువ పోతుంటే తిండితో పూడ్చుకోవడం కష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 పాయింట్ల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. "నాకు తొమ్మిది పాయింట్లండి, ఎప్పుడూ అంతే" అని మామూలుగా చెప్పేస్తుంటారు. తొమ్మిది మామూలు కాదమ్మా.

ఐరన్ తగ్గితే నిద్ర కూడా పాడవుతుంది. రాత్రి పడుకోగానే కాళ్ళు పీకడం, లోపల ఏదో పాకినట్టుండి కాళ్ళు కదపకుండా ఉండలేకపోవడం, లేచి నాలుగు అడుగులు వేస్తే తగ్గడం. పిల్లల్ని పిలిచి కాళ్ళు తొక్కించుకుంటారు, నాట్లకి వంగి వంగి వచ్చాయనుకుంటారు. ఇలాంటి కాళ్ళ బాధకి ఐరన్ లోపం ఒక ముఖ్య కారణం. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఐరన్ నిల్వ తక్కువగా ఉండవచ్చు, అది ఫెరిటిన్ పరీక్షలో తెలుస్తుంది. థైరాయిడ్ పరీక్ష కూడా చేయిస్తాం, ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా నీరసం, ఎక్కువ రక్తస్రావం రెండూ ఉంటాయి.

అపోహ: సెలైన్ ఎక్కించుకుంటే నీరసం పోతుంది.

వాస్తవం: అర లీటరు ఐదు శాతం గ్లూకోజు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర. అందులో పసుపురంగు విటమిన్ ఇంజెక్షన్ కలిపినా ఐరన్ రాదు. ఆ డబ్బుతో రక్తపరీక్ష చేయించుకోవచ్చు.

అపోహ: ఎర్రగా ఉన్నవి తింటే రక్తం పడుతుంది.

వాస్తవం: రంగుకీ రక్తానికీ సంబంధం లేదు. బీట్‌రూట్ కంటే కార్జం, చేపలు, మాంసం మేలు, వాటిలోని ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది. తిననివాళ్ళు తోటకూర, శనగలు, రాగులు తింటూ నిమ్మకాయ, జామకాయ, ఉసిరి ఏదో ఒకటి కలుపుకోవాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఐరన్ పట్టదు, గంట ఆగండి. పెద్దమనిషైన పిల్లకి మనవాళ్ళు పెట్టే చిమ్మిలి మంచి తిండే, పెట్టండి. కానీ రక్తం ఇప్పటికే తగ్గిపోయి ఉంటే మాత్రలు తప్పవు. మాత్రలకి విరేచనం నల్లగా వస్తుంది, భయపడి ఆపెయ్యకండి. పాయింట్లు పెరిగాక కూడా మూడు నెలలు వాడితేనే నిల్వ నిండుతుంది. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళు నులిపురుగుల మాత్ర గురించి కూడా అడగండి, కొంకిపురుగు అరికాలి చర్మం నుంచి ఒంట్లోకి వెళ్ళి పేగుల్లో రక్తం పీలుస్తుంది.

అపోహ: ముట్టులో పగలు పడుకోకూడదు, తలస్నానం చెయ్యకూడదు.

వాస్తవం: రెండూ చెయ్యొచ్చు. కునుకు అరగంటకి మించకుండా చూసుకుంటే రాత్రి నిద్ర చెడదు.

అపోహ: గర్భసంచి తీయించేస్తే నీరసం, నిద్రలేమి అన్నీ పోతాయి.

వాస్తవం: గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతంలో మన రాష్ట్రం దేశంలోనే ముందు వరసలో ఉంది. ముప్పైల్లో ఉన్నవాళ్ళు కూడా "పిల్లలు పుట్టేశారుగా, తీసెయ్యండి" అని అడుగుతుంటే నాకు భయం వేస్తుంది. నిజంగా అవసరమైనవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఆపరేషన్ మేలు చేస్తుంది. కానీ ఆపరేషన్‌తో రక్తస్రావం ఆగుతుంది గానీ తగ్గిపోయిన ఐరన్ దానంతటది తిరిగి రాదు. అండాశయాలు కూడా తీసేస్తే హార్మోన్లు ఒక్కసారిగా ఆగిపోయి ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, ఎముకలు పలచబడతాయి. ఏ బాధ పోతుందని తీయించుకున్నారో అదే ఎక్కువవుతుంది.

కాబట్టి సంతకం పెట్టేముందు డాక్టర్ని అడగండి. రక్తస్రావానికి అసలు కారణం ఏమిటి? రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ నాకు సరిపోవా? అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా, తీస్తే ఎందుకు?