రాతి మీద ఒక అమ్మమ్మ

చిన్నూ, పండూ,

ఆశీస్సులు. గ్రీకుల పాఠమంతా యుద్ధాలేనా, అందులో ఆడవాళ్ళే లేరా అని ఫోన్‌లో అడిగారు కదా. ఉన్నారర్రా. కాకపోతే వాళ్ళ కోసం సమాధుల దగ్గరికి వెళ్ళాలి.

ఏథెన్స్‌లో కెరమైకోస్ అనే పాత శ్మశానం ఉంది. అక్కడ దొరికిన ఓ పాలరాతి ఫలకం ఇప్పుడు అక్కడి మ్యూజియంలోనే ఉంది. సుమారు 2400 ఏళ్ళ నాటిది. కుర్చీలో కూర్చున్నావిడ పేరు అంఫరేతే. ఒక చేతిలో గుడ్డ చుట్టిన పసిబిడ్డ, ఇంకో చేతిలో బుల్లి పిట్ట. పిట్టను చూపించి ఆడిస్తోందన్నమాట. ఎవరైనా తల్లీబిడ్డా అనే అనుకుంటారు. పైన చెక్కిన మాటలు చదివితే అసలు సంగతి తెలుస్తుంది: "ఇది నా కూతురి బిడ్డ. మేమిద్దరం బతికుండి సూర్యుడి వెలుగు చూసిన రోజుల్లో ఒళ్ళో పెట్టుకునేదాన్ని. ఇప్పుడు నేనూ పోయాను, బిడ్డా పోయింది. ఇప్పుడూ నా దగ్గరే ఉంది."

అమ్మమ్మ అయినా శిల్పి ఆవిడ ముఖం మీద ఒక్క ముడత కూడా చెక్కలేదు! బిడ్డ పేరు మాత్రం రాయలేదు. నాకు అదే లోటనిపిస్తుంది.

క్రీ.పూ. 431-430 చలికాలంలో, ఆ కెరమైకోస్‌లోనే, యుద్ధంలో పోయినవాళ్ళ అంత్యక్రియలప్పుడు పెరిక్లీస్ అనే నాయకుడు ప్రసంగించాడు. మంచికైనా చెడుకైనా మగవాళ్ళ నోట ఎంత తక్కువగా నలిగితే ఆడదానికి అంత గొప్ప అన్నాడట. ఆ మాట తుసిడిడీస్ అనే చరిత్రకారుడు తన పుస్తకంలో రాశాడు. కోర్టుల్లో కూడా పరువుగల ఇంటి ఆడవాళ్ళను ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అనేవారే తప్ప పేరు ఎత్తేవారు కాదు. పెద్దమనిషి మాట పెద్దమనిషిదే. ఇళ్ళవాళ్ళు మాత్రం దారిపక్కన, వచ్చేపోయేవాళ్ళంతా చదివేలా, తమవాళ్ళ పేర్లు చెక్కించారు.

తల్లులూ కూతుళ్ళూ మాత్రమే కాదు. మెలిత్తా అనే దాది పోతే, ఆమె పెంచిన హిప్పోస్త్రాతే ఇలా రాయించింది: "బతికుండగా నిన్ను ప్రేమించాను, మట్టి కింద ఉన్నా గౌరవిస్తున్నాను, నేను బతికున్నంతకాలం గౌరవిస్తాను." ఫనోస్త్రాతే మంత్రసాని, వైద్యురాలు కూడా. ఎవరినీ నొప్పించలేదు, పోయాక అందరూ బెంగపడ్డారు అని ఆమె రాయి చెబుతుంది. ఏ డాక్టరుకైనా ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఏముంటుంది?

క్రీ.పూ. 317లో ఏథెన్స్‌లో అధికారానికి వచ్చిన దెమెత్రియోస్ అనే పాలకుడు సమాధుల ఆడంబరం శ్రుతిమించిందని కట్టడి చేశాడు. నిలబెట్టే స్తంభం మూడు మూరలు మించకూడదన్నాడు. అంత చిన్న స్తంభం మీద ఒడి, బిడ్డ, పిట్ట ఎక్కడ పడతాయి? పేరు పడుతుంది. వాటి మీదా ఆడవాళ్ళ పేర్లున్నాయి.

మీ అమ్మమ్మ