గాజులో నల్లటి పొర

వరంగల్ భద్రకాళి చెరువు కట్ట మీద పిల్లలు ఊదే సబ్బు బుడగల్లో రంగులను అందరం చూస్తాం. పగిలే ముందు పైభాగాన వచ్చే నల్లటి మచ్చ మాత్రం కంటికి ఆనదు. ఇంట్లో ఒక చేతి గాజును సబ్బునీళ్లలో ముంచి నిలువుగా పట్టుకోండి. నీరు జారేకొద్దీ రంగుల చారలు కిందికి దిగి, పైన నలుపు మిగులుతుంది. అక్కడ పొర చిరిగిపోలేదు. ఎంతగా పలచబడిందంటే, దాని ముందు వెనకల నుంచి తిరిగివచ్చే కాంతి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటోంది.

1962లో అమెరికాలో ముల్లర్, రుడిన్, టియెన్, వెస్కాట్ అనే శాస్త్రవేత్తలు ఆ నలుపు కోసమే ఎదురుచూశారు. నీటిలో ఉంచిన అడ్డుతెరకు చిన్న రంధ్రం చేసి, మెదడు నుంచి తీసిన కొవ్వు పదార్థాన్ని దాని మీద పూశారు. రంగులన్నీ పోయి నల్లబడగానే, జీవకణం చుట్టూ ఉండేలాంటి పొర వారి ముందు నిలిచింది. అందులో కొవ్వు అణువులు రెండు వరుసలుగా, తలలు నీటి వైపు, తోకలు లోపలికి పెట్టి నిలబడతాయి. మందం సుమారు 5 నానోమీటర్లు. మన నోటుపుస్తకంలోని ఒక్క కాగితమంత మందం రావాలంటే అలాంటివి దాదాపు 20,000 పేర్చాలి.

అలాంటి రంధ్రం మీది పొర ఎక్కువసేపు నిలవదు. చదునైన గాజుపలక మీద పరిస్తే నిలుస్తుంది కానీ, కింద నీటికి ఒకటి రెండు నానోమీటర్ల చోటే మిగులుతుంది. పొరలోంచి కిందికి పొడుచుకొచ్చే ప్రొటీన్లు పలకకు రాసుకుని కదలలేకపోతాయి. అందుకే అతి సన్నని రంధ్రాలున్న అల్యూమినా, సిలికాన్ నైట్రైడ్ అనే గట్టి పదార్థాల పలకలు వచ్చాయి. డప్పు చట్రానికి తోలు బిగించినట్టు పొర అంచులను పట్టుకుని, నడుమ నీటి మీద స్వేచ్ఛగా ఉంటుంది. నా దృష్టిలో ఈ పలకలో అసలు విలువంతా ఆ ఖాళీలదే.

ఇంత పలచనిదాన్ని చూడటమెలా? 1986లో వచ్చిన అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ చూడదు, తడుముతుంది. దాని సూదిమొన రంధ్రం మీద పొరను మెల్లగా నొక్కితే అది కొంచెం లొంగి మళ్లీ లేస్తుంది. పొర లేనిచోట మొన నేరుగా గుంటలోకి దిగుతుంది.

ఇంకో దారి రంగు కలపడం. నూటికి ఒక అణువుకు మెరిసే రంగు తగిలించి, లేజర్‌తో ఒకచోట ఆ మెరుపును చంపేస్తారు. మైక్రోస్కోప్‌లో నల్లటి మచ్చ పడుతుంది. చుట్టుపక్కల అణువులు ఈదుకుంటూ వచ్చి దాన్ని నింపితే పొర రంధ్రం అంచు దాటి ఏకంగా పరుచుకున్నట్టే. మచ్చ అలాగే ఉండిపోతే, ఆ ముక్క మిగతా పొర నుంచి తెగి ఒంటరిగా ఉన్నట్టు.