అశోక చెక్క: చెట్టు నుంచి సీసా దాకా

ఆడవాళ్ల అధిక రక్తస్రావానికి తాగే ఆయుర్వేద మందు అశోకారిష్టం. ఆ సీసాలో ఉన్నది నిజంగా అశోక చెక్కేనా? ఈ ప్రశ్న మళ్లీ లేచింది. లేచినప్పుడల్లా తతంగం ఒకటే. తయారీదారులు సరుకు ఇచ్చిన వ్యాపారుల్ని అడగమంటారు, వ్యాపారులు అడవిలో చెక్క కొట్టేవాళ్ల వైపు వేలు చూపిస్తారు. ఆ కొట్టేవాళ్లను మాత్రం ఎవరూ మైకు ముందుకు పిలవరు.

సీతమ్మ, అశోకవనం సంగతి అందరికీ తెలిసిందే, దాటేద్దాం. చరకుడు ఈ చెట్టును 'వేదనాస్థాపన' గణంలో, అంటే నొప్పిని శమింపజేసే పది మూలికల్లో చేర్చాడన్నది గుర్తుంటే చాలు. ఆడవాళ్ల అధిక రక్తస్రావానికి అశోక చెక్క కషాయంతో పాలు కాచి ఇమ్మని చెప్పింది 11వ శతాబ్దపు వైద్యుడు చక్రపాణిదత్తుడు. ఆ పాల దగ్గర కాస్త ఆగాలి. అలాంటి మందు ఇచ్చే వైద్యుడికి చెట్టు తెలుసు. వాగు పక్క నీడలో పెరుగుతుంది, లేత ఆకులు రాగి రంగులో వేలాడతాయి, పూలు కొమ్మకే అతుక్కుని గుత్తులుగా నారింజ రంగులో పూసి తర్వాత ఎర్రబడతాయి. పువ్వును చూసినవాడు చెట్టును పొరబడడు.

అసలు మలుపు అరిష్టంతో, అంటే కషాయాన్ని బెల్లంతో పులియబెట్టి చేసే మందుతో వచ్చిందని నా లెక్క. భైషజ్య రత్నావళి అనే ఆయుర్వేద గ్రంథంలోని అశోకారిష్టమే ఇవాళ మార్కెట్లో ఉన్నది. ప్రభుత్వం అచ్చువేసిన ఫార్ములరీ (మందుల తయారీ పుస్తకం) కొలతల ప్రకారం 4.8 కిలోల చెక్కను సుమారు 49 లీటర్ల నీళ్లలో వేసి నాలుగో వంతు మిగిలేదాకా కాచాలి. దాంట్లో 9.6 కిలోల బెల్లం, ధాతకీ పూలు, జీలకర్ర, శొంఠి, తుంగముస్తలు వగైరా కలిపి పులియబెట్టాలి. చెక్కకు రెట్టింపు బెల్లం! పులిసి నల్లగా తయారైన ఆ ద్రవాన్ని నాలుక మీద వేసుకుని ఇది ఫలానా చెట్టు చెక్క అని చెప్పగలిగేవాడు ఎవడూ ఉండడు. పాలల్లో కాచినప్పుడు చెక్క కంటి ముందుంది. సీసాలోకి వెళ్లాక అది పేరుగా మాత్రమే మిగిలింది.

ఈ మార్పుకు తోడు ఫ్యాక్టరీలు వచ్చాయి. కలకత్తాలో డాబర్ 1884లో, కేరళలో కొట్టక్కల్ ఆర్య వైద్యశాల 1902లో మొదలయ్యాయి. ఆయుర్వేదాన్ని బతికించిన సంస్థలే అవి, ఇక్కడ వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ పరిశ్రమ పెరిగేకొద్దీ చెక్క బస్తాల్లో రావడం మొదలైంది. బస్తాలో ఆకు ఉండదు, పువ్వు ఉండదు.

ఇంకో చెట్టు జొరబడింది కూడా ఈ సందులోంచే. మన అపార్ట్‌మెంట్ల గోడ పక్కన, కాలేజీ గేట్ల దగ్గర స్తంభంలా నిలబడే చెట్టును అందరం అశోక అనే పిలుస్తాం. అంచులు అలలు తిరిగిన దాని పొడుగాటి ఆకుల్ని పందిళ్లకు కడతాం. అది అశోక కాదు, సీతాఫలం కుటుంబానికి చెందిన చెట్టు. అసలు అశోకేమో చింతచెట్టుకు చుట్టం. పుస్తకాల్లో ఆ స్తంభం చెట్టుకు నరమామిడి అనే తెలుగు పేరుంది, ఆ పేరుతో మన ఏజెన్సీ అడవుల్లో ఇంకో చెట్టూ ఉంది, దాని చెక్క అగరబత్తుల జిగురుకు వాడతారు. పేర్ల గొడవ పేర్లతో తెగేది కాదు, పువ్వు చూస్తేనే తెగుతుంది. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు చూసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ అశోకకు శాస్త్రీయ నామం పెట్టింది పువ్వుతో సహా వర్ణించాకే.

2016లో అచ్చయిన ఒక డీఎన్ఏ అధ్యయనం పచ్చి మూలికల మార్కెట్లో అశోక పేరుతో అమ్ముతున్న నమూనాల్ని పరీక్షిస్తే, నూటికి ఎనభైకి పైగా అశోక కాదని తేలింది. స్తంభం చెట్టు చెక్క విషమేం కాదు, కానీ అందులోని రసాయనాలు వేరు. అసలు చెక్క విషయంలోనే పెద్ద క్లినికల్ పరీక్షలు లేనప్పుడు, వేరే చెక్క ఏం చేస్తుందని చెప్పాలి? రక్తస్రావం ఆగక టెన్షన్ పడుతూ సీసా మీద సీసా తాగే మనిషికి ఫైబ్రాయిడ్ (గర్భాశయంలో గడ్డ) ఉందేమో చూసేది డాక్టరే.

కంపెనీల వాదన ఒకటుంది: ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణాల పుస్తకంలో, చెక్క గుర్తులన్నీ ఉన్నాయి, మేం చూసే కొంటున్నాం అని. సరే. చెక్క కొట్టేవాడి వైపు నుంచి చూడండి. అతనికి కిలోల లెక్కన డబ్బు. పడమటి కనుమల్లో అశోక తగ్గిపోయింది, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని ముప్పున్న జాతుల జాబితాలో పెట్టింది. నిలువు పట్టీలుగా ఒక పక్కనే తీస్తే చెట్టు కోలుకుంటుంది, చుట్టూ ఒలిస్తే చచ్చిపోతుంది. నిదానంగా పట్టీ తీసినవాడికీ, చెట్టు నరికి ఒలిచినవాడికీ బస్తా రేటు ఒకటే అయితే ఎవడు నిదానిస్తాడు? అడవిలో చెట్టే దొరకనప్పుడు ఊళ్లో స్తంభం చెట్టు దొరుకుతుంది. ఆ రేటు పెట్టింది అతను కాదు.

ఆయుర్వేద మందులు 1964 సవరణతో డ్రగ్స్ చట్టం కిందికి వచ్చాయి. కల్తీకి నిర్వచనం ఉంది, శిక్షా ఉంది. కానీ ఆ చట్టం చూసేది సీసాను. చెట్టును చూసే చట్టం 2002 నాటి జీవవైవిధ్య చట్టం. దాని ప్రకారం 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు, మూలికలు వాడుకునే దేశీ కంపెనీలు కూడా స్థానికులకు లాభంలో వాటా ఇవ్వాల్సిందేనంది. 2023 సవరణ సాగుచేసిన ఔషధ మొక్కలకు ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చింది. మినహాయింపు కావాలంటే సరుకు ఎక్కడ పెరిగిందో చెప్పే ధ్రువపత్రం కావాలి. అంటే చెక్క పుట్టిన చోటు అడగడానికి కారణం మందు నాణ్యత కాదు, వాటా ఎగ్గొట్టే వీలు.

ఈ కథనం కోసం మొన్న ఓ మూలికల కొట్టుకెళ్లి వంద గ్రాముల అశోక చెక్క అడిగాను. అతను గోనెసంచిలోంచి తీసి, తూచి, పేపర్లో కట్టాడు. లోపలి వైపు ఎర్రగోధుమ రంగు ఉండాలి, కొంచెం ఉంది. నమిలితే వగరు తగలాలి, తగిలింది. కానీ కల్తీకి వాడే సాల చెక్క కూడా వగరే. ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగాను.

"పైనుంచి సార్."

"పైన అంటే?"

"బస్తా మీద రాసుండదు కదా సార్" అంటూ చిల్లర చేతిలో పెట్టాడు.