ఫ్లేమ్‌ప్రూఫ్ లైటు మీద నమ్మకం ఎక్కువ, నేమ్‌ప్లేటు చదివేవాళ్లు తక్కువ

మందపాటి అల్యూమినియం బాడీ, లావుపాటి గాజు, చుట్టూ ఇనప జాలీ. ఇలాంటి లైటు చూపించి "ఇది ఫ్లేమ్‌ప్రూఫ్ సార్, భయం లేదు" అంటారు. గ్యాస్, సాల్వెంట్ ఆవిరి, మండే పొడి ఉండే చోట్ల ఎలక్ట్రికల్ తనిఖీలు చేయడం నా పని. నిచ్చెనెక్కి ముందు నేమ్‌ప్లేటు కోసం వెతుకుతాను. చాలాసార్లు దాని మీద కూడా రంగు పూసేసి ఉంటుంది. ఇక అది దేనికి పనికొచ్చే లైటో ఎవరు చెప్పగలరు?

అపోహ: ఫ్లేమ్‌ప్రూఫ్ లైటులోకి గ్యాస్ పోదు.

పోతుంది. లైటు వెలిగితే లోపలి గాలి వేడెక్కి బయటికి వస్తుంది, ఆర్పితే చల్లబడి బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలితోపాటే గ్యాసూ వెళ్తుంది. ఫ్లేమ్‌ప్రూఫ్ డిజైన్ ఈ సంగతి ఒప్పుకున్నాకే మొదలవుతుంది. లోపల పేలినా పెట్టె పగలకూడదు, మంట బయటి గ్యాస్‌ని అంటించకూడదు, అంతే.

ఆ పని చేసేది మూతా బాడీ కలిసే చోట ఉండే సన్నటి సందు. దాన్ని ఫ్లేమ్‌పాత్ అంటాం. మంట అందులోంచి బయటపడేలోపే రెండువైపులా ఉన్న లోహం దాని వేడిని పీల్చేస్తుంది. 1815లో హంఫ్రీ డేవీ గని దీపం చుట్టూ చుట్టిన సన్నని తీగ జాలీ చేసిందీ ఇదే పని.

ఇది తెలియకపోతే ఏమవుతుందో ఒకచోట చూశాను. వాన నీళ్లు దిగుతున్నాయని ఫ్లేమ్‌పాత్ నిండా సిలికాన్ కూరేశారు. మూతకి ఎనిమిది బోల్టులు ఉండాలి, ఐదే ఉన్నాయి. లోపల పేలుడు జరిగితే బోల్టు లేని దగ్గర మూత వెంట్రుకవాసి లేచినా చాలు, ఫ్లేమ్‌పాత్ ఇక ఫ్లేమ్‌పాత్ కాదు. వాడని కేబుల్ ఎంట్రీకి ప్లాస్టిక్ బిరడా కొట్టారు. అక్కడ కూడా సర్టిఫికెట్ ఉన్న ప్లగ్గే ఉండాలి. మూత తీయడానికి స్క్రూడ్రైవర్‌తో ఎగదోసిన గీతలు సరేసరి. నీళ్ల బాధకి మందు తయారీదారు మాన్యువల్లోనే ఉంది: వాళ్లు చెప్పిన, గట్టిపడని గ్రీజు పలచగా రాయడం.

అపోహ: ఐపీ66 ఉంది కాబట్టి పెట్టేయొచ్చు.

మొదటి ఆరు దుమ్ము చొరబడదని, రెండో ఆరు గట్టి నీటిధారకి తట్టుకుంటుందని. నిప్పు అంటుకోవడం గురించి ఐపీ నంబరు ఒక్క ముక్క కూడా చెప్పదు.

అపోహ: హైడ్రోజన్‌కే పనికొచ్చిన లైటు ఇంక దేనికైనా పనికొస్తుంది.

ఇది చదువుకున్నవాళ్లు చేసే పొరపాటు, అందుకే ఎక్కువ టెన్షన్. నేమ్‌ప్లేటు మీద గ్యాస్ గ్రూపు వేరు, టెంపరేచర్ క్లాసు వేరు. ప్రొపేన్‌ది టూ-ఏ, ఇథిలీన్‌ది టూ-బీ, హైడ్రోజన్, ఎసిటిలీన్‌లది టూ-సీ. ఎంత సన్నటి సందులోంచి మంట దూరగలదు, ఎంత చిన్న నిప్పురవ్వకి అంటుకుంటుంది అన్నది గ్రూపు చెబుతుంది. లైటు ఒళ్లు గరిష్ఠంగా ఎంత వేడెక్కుతుందో టీ నంబరు చెబుతుంది: టీ1 అంటే 450 డిగ్రీలు, టీ3 అంటే 200, టీ4 అంటే 135, టీ6 అంటే 85.

హైడ్రోజన్ చిన్న రవ్వకే అంటుకుంటుంది గానీ, వేడి లోహం తగిలి తనంతట తాను మండాలంటే 500 డిగ్రీలు దాటాలి. ఈథర్ ఆవిరికి 180 డిగ్రీలు కూడా అక్కర్లేదు. కాబట్టి టూ-సీ, టీ3 అని రాసున్న లైటు హైడ్రోజన్ దగ్గర భేషుగ్గా ఉంటుంది, ఈథర్ దగ్గర దాని ఒంటి వేడే నిప్పవుతుంది. కార్బన్ డైసల్ఫైడ్‌కైతే 90 డిగ్రీలు చాలు. దానికి టీ6 తప్ప మరో దారి లేదు.

ఇంకో మెలిక. నేమ్‌ప్లేటు మీద ప్రత్యేకంగా రాయకపోతే ఆ లెక్కంతా మైనస్ 20 నుంచి 40 డిగ్రీల పరిసర వేడికే. డ్రయ్యర్ పైన, రేకుల కప్పు కింద 50 దాటే చోట బిగించారంటే టీ నంబరు మీద ఆశ వదులుకోవాల్సిందే.

అపోహ: ఎల్‌ఈడీ చల్లగా ఉంటుంది, దానికి ఇవన్నీ అక్కర్లేదు.

గాజు ముట్టుకుని ఈ మాట అంటారు. వెనక రెక్కల మీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎల్‌ఈడీ వేడి వెలుతురుతో ముందుకి రాదు, వెనక్కి పోతుంది. పాత ఫిట్టింగులో బల్బు తీసి మార్కెట్లో దొరికిన ఎల్‌ఈడీ బల్బు పెట్టేయడం కూడా కుదరదు. సర్టిఫికెట్ ఇచ్చింది మొత్తం సెట్టుకి, ఖాళీ పెట్టెకి కాదు.

అపోహ: పొడే కదా, పెట్రోలు కాదుగా.

పిండి, చక్కెర, రంపపు పొట్టు, అల్యూమినియం పొడి, ఏదైనా గాలిలో లేచి నిప్పు తగిలితే పేలుతుంది. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని పోర్ట్ వెంట్‌వర్త్‌లో చక్కెర శుద్ధి కర్మాగారం పేలి 14 మంది చనిపోయారు. మొదటి పేలుడు దూలాల మీద, నేల మీద పేరుకున్న చక్కెర పొడిని లేపింది, తర్వాతి పేలుళ్లకి అదే ఇంధనం.

గ్యాస్ లైటు పొడికి దానంతటదే సరిపోదు. మండే గ్యాస్ గానీ పొడి గానీ గాలిలో ఎంత తరచుగా ఉంటుందో దాన్నిబట్టి ఆ చోటుకి జోన్ నంబరు ఇస్తారు. పొడికి జోన్‌లు 20, 21, 22. లైటు ఒంటి వేడి ఆ పొడి మేఘం అంటుకునే ఉష్ణోగ్రతలో మూడింట రెండొంతులు దాటకూడదు. 5 మిల్లీమీటర్ల పొర రాజుకునే ఉష్ణోగ్రత కంటే 75 డిగ్రీలు తక్కువ ఉండాలి. ఉదాహరణకి మేఘం 390 దగ్గర, పొర 300 దగ్గర అంటుకుంటాయనుకోండి. మొదటి లెక్కలో 260, రెండో లెక్కలో 225. తక్కువదే, అంటే 225, మన హద్దు. పొర మందం పెరిగితే ఆ హద్దు ఇంకా దిగుతుంది. చీపురు పట్టడం కూడా ఎలక్ట్రికల్ సేఫ్టీలో భాగమేనని నేనంటే నవ్వుతారు.

అపోహ: 24 వోల్టులే, ఏం కాదు.

ట్యాంకులోకి దిగేటప్పుడు 24 వోల్టుల చేతి లైటు ఇచ్చేది షాక్ కొట్టకుండా. ఆవిరికి వోల్టులతో పనిలేదు. హైడ్రోజన్‌కి మిల్లీజౌల్‌లో యాభయ్యో వంతు శక్తి ఉన్న నిప్పురవ్వ చాలు. 1913లో వేల్స్‌లోని సెంగెనిడ్ బొగ్గు గని పేలుడులో 439 మంది కార్మికులు చనిపోయారు. గంట మోగించే సిగ్నల్ తీగల దగ్గర పుట్టిన రవ్వే కారణమై ఉండొచ్చని అప్పట్లో అనుమానించారు. రవ్వ పుట్టినా అంటించలేనంతగా సర్క్యూట్ శక్తికే హద్దు పెట్టే ఇంట్రిన్సిక్ సేఫ్టీ పద్ధతి ఇలాంటి అనుభవాల్లోంచే వచ్చింది.

కొనేవాళ్లు నన్ను ఏ కంపెనీ మంచిదని అడుగుతారు. నేను ముందు జోన్ డ్రాయింగ్ అడుగుతాను. గ్యాస్ ఎప్పుడూ ఉండే జోన్ 0కి మామూలు ఫ్లేమ్‌ప్రూఫ్ లైటు పనికిరాదు. చాలా గదుల్లో లైటుని జోన్ బయట పెట్టి, అద్దంలోంచి వెలుతురు పంపిస్తే సరిపోతుంది. అమ్మేవాళ్లు ఆ సలహా ఎందుకిస్తారు?

సర్టిఫికెట్ నంబరు చివర అక్షరం కూడా చూడాలి. 'యూ' ఉంటే అది విడిభాగమే, ఒంటరిగా వాడకూడదు. 'ఎక్స్' ఉంటే ఏదో షరతు ఉందని. మొన్నొకచోట ప్లాస్టిక్ కవరున్న లైట్లకి ఎక్స్ కనిపించి సర్టిఫికెట్ తెప్పించాను. స్టాటిక్ కరెంటు పుడుతుంది కాబట్టి తడిగుడ్డతోనే తుడవాలని రాసుంది. ఆ కాగితం కొన్న రోజు నుంచి స్టోర్స్ బీరువాలోనే ఉంది. నేను చదువుతుండగానే ఒకతను నిచ్చెనెక్కి పొడిగుడ్డతో కవరు తళతళలాడేలా రుద్దుతున్నాడు.